పెద్ద కంపెనీల షేర్లలో మార్కెట్ సెంటిమెంట్‌ను అంచనా వేయడం ఎలా?

“నిఫ్టీ 200 పాయింట్లు పెరిగిందంటున్నారు, నా దగ్గరున్న పెద్ద కంపెనీల షేర్లు మాత్రం ఎందుకు కదల్లేదు?”, “విదేశీ సంస్థలు అమ్ముతున్నాయట, నేను కూడా అమ్మేయాలా?”, “విక్స్ (మార్కెట్ ఎంత ఊగిసలాడవచ్చో చెప్పే సూచిక) పెరిగితే మార్కెట్ పడిపోతుందా?” అని పాఠకులు పదే పదే అడుగుతూనే ఉన్నారు. ఈ మూడు ప్రశ్నల వెనకా ఉన్నది ఒకటే ఆలోచన: ఏదో ఒక్క అంకెను చూసి మార్కెట్ మొత్తం ఎలా ఉందో చెప్పేయవచ్చునన్న నమ్మకం. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు గాని, నిఫ్టీలో మెతుకులన్నీ ఒకే పరిమాణంలో ఉండవు. 50 కంపెనీల సూచీలో మొదటి పది కంపెనీల వాటాయే సగానికి మించి ఉంటుంది.

అందుచేత ఇక్కడ చెప్పబోయేది వారానికి ఒకసారి, మార్కెట్ ముగిశాక నింపుకొనే ఒక పట్టిక గురించి. ఇది రేపు ఏ షేరు పెరుగుతుందో చెప్పదు. మదుపరులు ఎక్కువ మంది ఒకే వైపు ఒరిగిపోయారా లేదా, సూచీ చెబుతున్న మాటకు దాని లోపలి షేర్లు సాక్ష్యం పలుకుతున్నాయా లేదా అన్న రెండు సంగతులను మాత్రం చెబుతుంది. ఏదో ఒక చివరకు చేరినప్పుడే, అంటే మితిమీరిన ఆశలోనూ మితిమీరిన భయంలోనూ మాత్రమే, ఈ సూచికలు పనికొస్తాయని, మధ్యలో ఉన్నన్నాళ్లూ వాటి నుంచి రాబట్టేది పెద్దగా ఏమీ ఉండదని నా అభిప్రాయం.

కావలసినవి

డబ్బు కట్టి కొనే సాఫ్ట్‌వేర్ ఏదీ అవసరం లేదు. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ (ఎన్‌ఎస్‌ఈ) వెబ్‌సైట్, విదేశీ మదుపరుల లెక్కలు ఉంచే ఎన్‌ఎస్‌డీఎల్ వెబ్‌సైట్, గూగుల్ షీట్స్ వంటి ఒక స్ప్రెడ్‌షీట్ ఉంటే చాలు. శుక్రవారం రాత్రి గాని శనివారం ఉదయం గాని ఓ అరగంట తీరిక చేసుకోండి. ఆ రోజే ఎందుకంటే, 2025 సెప్టెంబరు నుంచి నిఫ్టీ ఆప్షన్ల (ముందే అనుకున్న ధరకు కొనే లేదా అమ్మే హక్కునిచ్చే కాంట్రాక్టుల) గడువు గురువారానికి బదులు మంగళవారం ముగుస్తోంది. గడువు రోజున వచ్చే కృత్రిమమైన ఎగుడుదిగుళ్ల ప్రభావం శుక్రవారం నాటి అంకెల మీద తక్కువగా ఉంటుంది. ఏ రోజు ఎంచుకున్నా సరే, ప్రతి వారం అదే రోజు చూడాలి.

మొదలుపెట్టేటప్పుడే కనీసం గత ఏడాది అంకెలను కూడా దించుకోండి. పోల్చి చూడటానికి పాత అంకె లేకపోతే కొత్త అంకెకు అర్థం ఉండదు.

1. ఏ షేర్ల సెంటిమెంట్ చూస్తున్నారో ముందు తేల్చుకోండి

పెద్ద కంపెనీలంటే ఏవన్న దానికి రెండు కొలమానాలు వాడుకలో ఉన్నాయి. మ్యూచువల్ ఫండ్ల కోసం మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2017లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం మార్కెట్ విలువలో మొదటి 100 స్థానాల్లో ఉన్నవి లార్జ్‌క్యాప్ కంపెనీలు. ఈ జాబితాను మ్యూచువల్ ఫండ్ సంస్థల సంఘమైన ఆంఫీ ఆరు నెలలకోసారి సవరిస్తుంది. రెండోది నిఫ్టీ 50. మీకు లార్జ్‌క్యాప్ ఫండ్లు ఉంటే నిఫ్టీ 100ను, నేరుగా కొన్న కొద్దిపాటి పెద్ద షేర్లు ఉంటే నిఫ్టీ 50ను ప్రమాణంగా పెట్టుకోండి. కింది ఉదాహరణలన్నీ నిఫ్టీ 50 ఆధారంగానే ఇచ్చాను, ఎందుకంటే ఆప్షన్ల లెక్కలూ విక్స్ కూడా దాని మీదే ఆధారపడి ఉంటాయి.

జాబితా స్థిరంగా ఉండదని గుర్తుంచుకోండి. హైదరాబాద్‌కు చెందిన దివీస్ ల్యాబ్స్ 2024 సెప్టెంబరు చివర్లో నిఫ్టీ 50 నుంచి బయటికి వెళ్లింది. మీ స్ప్రెడ్‌షీట్‌లో పాత పేరు అలాగే ఉండిపోతే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి. మార్చి, సెప్టెంబరు నెలల చివర జాబితాను ఒకసారి సరిచూసుకోండి.

2. సూచీని పక్కనపెట్టి షేర్లను లెక్కపెట్టండి

ఈ దశకే ఎక్కువ సమయం కేటాయించమని చెబుతాను. మొత్తం పట్టికలో ఒక్కటే ఉంచుకోమంటే నేను దీన్నే ఉంచుకుంటాను.

ముందు సూచీ ఎలా మోసగించగలదో ఒక ఉదాహరణ చూడండి. 2024 జనవరి 17న నిఫ్టీ 460 పాయింట్లు, అంటే 2 శాతానికి కాస్త పైగా పడింది. అంతకుముందు రోజు సాయంత్రం వెలువడిన ఫలితాలు నచ్చక మదుపరులు హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు షేరును ఆ రోజు 8 శాతానికి పైగా దించారు. అప్పట్లో సూచీలో ఆ బ్యాంకు వెయిటేజీ సుమారు 13 శాతం. 8.4ను 0.13తో గుణిస్తే దాదాపు 1.1 వస్తుంది. అంటే ఆనాటి పతనంలో సగానికి పైగా ఒకే షేరు నుంచి వచ్చిందన్నమాట. “మార్కెట్‌లో భయం” అని ఆ సాయంత్రం అనుకున్నవారు చూసింది నిజానికి ఒక బ్యాంకు మీద వచ్చిన నిరాశను, దాని చుట్టూ మిగిలిన బ్యాంకుల మీద కమ్మిన అనుమానాన్ని.

దీన్ని విడదీసి చూడటానికి మూడు కొలతలు తీసుకోండి.

మొదటిది, 50 షేర్లలో ఆ వారం పెరిగినవెన్ని, తగ్గినవెన్ని అన్నది. ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్‌లో నిఫ్టీ 50 షేర్ల పేజీ పైభాగంలోనే ఆ రోజు పెరిగినవి, తగ్గినవి, మారనివి ఎన్నో కనిపిస్తాయి. ఒక రోజు అంకె కంటే వారం అంకె మేలు; శుక్రవారం ముగింపును గత శుక్రవారం ముగింపుతో పోల్చి మీరే లెక్కపెట్టవచ్చు.

రెండోది, నిఫ్టీ 50తో పాటు నిఫ్టీ 50 ఈక్వల్ వెయిట్ సూచీ. ఇందులోనూ అవే 50 కంపెనీలు ఉంటాయి గాని ఒక్కొక్కదానికీ సమాన వాటా ఇస్తారు. నెల రోజుల్లో నిఫ్టీ 3 శాతం పెరిగి, ఈక్వల్ వెయిట్ సూచీ కదలకుండా ఉందంటే కొనుగోళ్లు కొన్ని భారీ షేర్లకే పరిమితమయ్యాయని అర్థం. రెండూ కలిసి కదిలితే ఆ కదలికను కాస్త ఎక్కువగా నమ్మవచ్చు.

మూడోది, 50లో ఎన్ని షేర్లు తమ 200 రోజుల సగటు ధర కంటే పైన ముగిశాయన్నది. గూగుల్ షీట్స్‌లోని గూగుల్ ఫైనాన్స్ ఫార్ములాతో ముగింపు ధరలు తెచ్చుకుని సగటు కట్టుకోవచ్చు. 40కి మించి పైన ఉంటే మదుపరులు ధీమాగా ఉన్నారని, 12 కంటే తక్కువ ఉంటే నిస్పృహ వ్యాపించిందని నేను రాసుకుంటాను. ఇవి నేను వాడుకునే హద్దులే గాని ఎక్కడా చట్టంగా రాసిపెట్టినవి కావు. ఏడాది అంకెలు చేతికొచ్చాక మీ హద్దులు మీరే పెట్టుకోండి.

*హెచ్చరిక:* బోనస్, షేర్ల విభజన, కంపెనీ విడదీత జరిగినప్పుడు పాత ధరలు సవరించి ఉన్నాయో లేదో చూసుకోవాలి. రిలయన్స్ 2024 అక్టోబరు 28న ఒకటికి ఒకటి చొప్పున బోనస్‌కు సర్దుబాటైనప్పుడు షేరు ధర తెరమీద సగమైంది. మదుపరి సొమ్ము ఏమీ పోలేదు గాని, సవరించని స్ప్రెడ్‌షీట్‌లో ఆ షేరు 200 రోజుల సగటుకు పాతాళంలో కనిపిస్తుంది. ఏ షేరైనా ఒక్కరోజులో 20 శాతానికి మించి మారినట్టు కనిపిస్తే ముందు బోనస్ ఏదైనా వచ్చిందేమో వెతకండి, ఆ తర్వాతే కంగారు పడండి.

*ప్రత్యామ్నాయం:* 200 రోజుల లెక్క బరువుగా అనిపిస్తే, 52 వారాల గరిష్ఠానికి 5 శాతం లోపు ఉన్న షేర్లెన్నో, 52 వారాల కనిష్ఠానికి 5 శాతం లోపు ఉన్నవెన్నో లెక్కపెట్టండి. ఆ అంకెలు ఎన్‌ఎస్‌ఈ పేజీలోనే ఉంటాయి.

3. విక్స్‌ను శాతంగా మార్చి చదవండి

ఇండియా విక్స్‌ను నిఫ్టీ ఆప్షన్ల కొనుగోలు, అమ్మకపు ధరల నుంచి లెక్కిస్తారు. రాబోయే 30 రోజుల్లో నిఫ్టీ ఎంత ఊగిసలాడవచ్చునని ఆప్షన్ల మార్కెట్ అనుకుంటోందో ఏడాది లెక్కకు మార్చి అది చెబుతుంది. ఏ వైపు అన్నది చెప్పదు. ఈ చివరి వాక్యాన్ని పట్టిక పైన రాసి పెట్టుకోండి.

విక్స్ 14 ఉందనుకుందాం. నెలకు మార్చడానికి 3.46తో భాగిస్తే దాదాపు 4 శాతం. రోజుకు మార్చడానికి 16తో భాగిస్తే 0.9 శాతానికి కొంచెం తక్కువ. నిఫ్టీ 25,000 దగ్గర ఉంటే నెలలో అటో ఇటో వెయ్యి పాయింట్లు, రోజులో 220 పాయింట్లు కదిలినా ఆశ్చర్యం లేదని మార్కెట్ అనుకుంటోందన్నమాట. ఇలా మార్చి చదివితే, 150 పాయింట్ల పతనాన్ని టీవీలో “కుప్పకూలింది” అన్నప్పుడు అది మామూలు రోజేనని మీకు తెలుస్తుంది.

స్థూలంగా 12 లోపు ఉంటే నిశ్చింత, 20 దాటితే ఆందోళన, 30 దాటితే భయం అని చదువుకోవచ్చు. 2020 మార్చిలో కొవిడ్ పతనం వేళ అది 80 కూడా దాటింది.

2024 ఎన్నికల నాటి అంకెలు ఈ పాఠానికి బాగా సరిపోతాయి. ఏప్రిల్ చివర్లో 10–11 దగ్గరున్న విక్స్ మే నెలాఖరుకు 24 దాటింది. ఆ నెలలోనే నిఫ్టీ తొలిసారి 23,000 కూడా తాకింది. భయం, రికార్డు గరిష్ఠం ఒకే చోట ఎలా కుదిరాయి? చాలామంది మదుపరులు షేర్లు అమ్మేసుకోలేదు. ఫలితాల రోజు కోసం ఆప్షన్లతో రక్షణ కొనుక్కున్నారు. ఎగ్జిట్ పోల్స్ తర్వాత జూన్ 3న నిఫ్టీ 3.25 శాతం పెరిగింది, విక్స్ 21 దగ్గరికి దిగింది. మర్నాడు ఓట్ల లెక్కింపులో నిఫ్టీ 5.93 శాతం పడి 21,884 వద్ద ముగిసింది. విక్స్ 21 అంటే రోజుకు 1.3 శాతం కదలిక అని అర్థం. జరిగింది దానికి నాలుగు రెట్లకు పైమాటే. జూన్ 7కల్లా సూచీ మళ్లీ 23,290కి చేరింది, విక్స్ వేగంగా జారిపోయింది.

ఇందులో మీరు పట్టికకు తీసుకోవలసినవి రెండున్నాయి. తేదీ ముందే తెలిసిన సంఘటన, అంటే బడ్జెట్ గాని ఎన్నికలు గాని దగ్గరపడుతుంటే పెరిగే విక్స్‌ను భయంగా కాక బీమా ఖర్చుగా రాసుకోండి. అలాగే, విక్స్ చెప్పే కదలికను గరిష్ఠ హద్దుగా ఎన్నడూ తీసుకోకండి.

4. విదేశీ, దేశీయ సంస్థల కొనుగోళ్లను కూడికగా చూడండి

ఎన్‌ఎస్‌ఈ ప్రతి సాయంత్రం విదేశీ సంస్థాగత మదుపరులు, దేశీయ సంస్థాగత మదుపరులు ఆ రోజు నికరంగా ఎంత కొన్నారో, ఎంత అమ్మారో తాత్కాలిక అంకెలు విడుదల చేస్తుంది. రోజువారీ అంకెను పట్టికలో ఎక్కించకండి. గత ఐదు రోజుల కూడిక ఒక గడిలో, గత 20 రోజుల కూడిక మరొక గడిలో రాయండి. ఒక ప్రమోటరు పెద్ద మొత్తంలో వాటా అమ్మిన రోజున గాని, ఎంఎస్‌సీఐ వంటి అంతర్జాతీయ సూచీల్లో మార్పులు అమల్లోకి వచ్చే రోజున గాని వేల కోట్ల అంకె కనిపించినా, దానికి సెంటిమెంట్‌తో సంబంధం ఉండకపోవచ్చు.

2024 అక్టోబరును తీసుకోండి. ఎక్స్ఛేంజీల లెక్క ప్రకారం విదేశీ సంస్థలు ఆ నెలలో సుమారు 1.14 లక్షల కోట్ల రూపాయల షేర్లు నికరంగా అమ్మాయి. అదే నెలకు ఎన్‌ఎస్‌డీఎల్ లెక్క చూస్తే ఈక్విటీ నుంచి తరలిపోయింది సుమారు 94 వేల కోట్లే. రెండూ సరైనవే. ఎన్‌ఎస్‌డీఎల్ అంకెలో పబ్లిక్ ఇష్యూల ద్వారా కొన్నవి కూడా కలుస్తాయి. హ్యుందాయ్ మోటార్ ఇండియా 27,870 కోట్ల ఇష్యూ వచ్చింది ఆ నెలలోనే. అంటే విదేశీ సంస్థలు చేతిలో ఉన్న షేర్లు అమ్ముతూనే కొత్త ఇష్యూల్లో డబ్బు పెట్టాయి. పెద్ద కంపెనీల పాత షేర్ల సెంటిమెంట్ చూడాలంటే ఎక్స్ఛేంజీ అంకె, దేశం మీద మొత్తం నమ్మకం చూడాలంటే ఎన్‌ఎస్‌డీఎల్ అంకె వాడండి. ఈ రెండింటిని ఒకే గడిలో కలపకండి.

ఆ నెలలో దేశీయ సంస్థలు లక్ష కోట్లకు పైగా కొన్నాయి. అయినా నిఫ్టీ 6 శాతం పైగా తగ్గింది. దేశీయ సంస్థల కొనుగోలును చాలామంది “ధీమా”గా చదువుతారు. నాకు మాత్రం ఆ చదువు నచ్చదు. ఆ అక్టోబరులోనే నెలవారీ సిప్ వసూళ్లు తొలిసారి 25 వేల కోట్లు దాటాయి. ప్రతి నెలా మన ఖాతాల నుంచి కట్ అయ్యే ఆ సొమ్మును ఫండ్ మేనేజరు ఎక్కువ కాలం ఖాళీగా ఉంచలేరు. అందువల్ల ఆయన కొనుగోలులో అభిప్రాయం పాలు కొంతే, నిర్బంధం పాలు ఎక్కువ. కాబట్టి దేశీయ అంకె పెరిగిందని సంతోషించడం కంటే, అది ఎప్పుడు తగ్గుతుందో గమనించడం ఉపయోగకరం. మార్కెట్ పడుతున్నప్పుడు ఆ కొనుగోలు కూడా నెమ్మదిస్తే అదొక గట్టి హెచ్చరిక.

5. ఫ్యూచర్స్‌లో ఎవరు ఏ వైపు ఉన్నారో చూడండి

ఎన్‌ఎస్‌ఈ రోజూ విడుదల చేసే నివేదికల్లో మదుపరుల వర్గాల వారీ ఓపెన్ ఇంట్రెస్ట్ (ఇంకా ముగియని కాంట్రాక్టుల సంఖ్య) ఫైలు ఒకటి ఉంటుంది. దాన్ని తెరిస్తే క్లయింట్ (బ్రోకర్ల ఖాతాదారులు), డీఐఐ (దేశీయ సంస్థలు), ఎఫ్‌ఐఐ (విదేశీ సంస్థలు), ప్రో (సొంత డబ్బుతో ట్రేడ్ చేసే బ్రోకర్లు) అని నాలుగు వరుసలు కనిపిస్తాయి. ఫ్యూచర్స్ అంటే ముందు తేదీకి ధరను ఇప్పుడే ఖరారు చేసుకునే కాంట్రాక్టులు; సూచీ పెరుగుతుందని కొన్నవి లాంగ్, పడుతుందని అమ్మినవి షార్ట్. ఎఫ్‌ఐఐ వరుసలో ఇండెక్స్ ఫ్యూచర్స్ లాంగ్, షార్ట్ అన్న మొదటి రెండు గడులు చాలు. లాంగ్‌ను రెండింటి మొత్తంతో భాగించండి. ఉదాహరణకు లాంగ్ 60,000, షార్ట్ 1,40,000 కాంట్రాక్టులు ఉంటే లాంగ్ వాటా 30 శాతం.

ఈ వాటా 20 శాతం కంటే దిగితే విదేశీ సంస్థలు దాదాపు అందరూ పతనం వైపే ఉన్నారని అర్థం. వినడానికి ఇది భయంగా ఉన్నా, షార్ట్ చేసినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు తిరిగి కొనాల్సిందే కనుక చిన్న మంచి వార్తకే సూచీ ఎగిరే అవకాశం అక్కడే ఉంటుంది. ఎప్పుడు అన్నది మాత్రం ఈ అంకె చెప్పదు. వారాల తరబడి అక్కడే ఉండిపోవచ్చు. పైగా తమ దగ్గరున్న షేర్లకు రక్షణగా షార్ట్ చేసేవారూ ఇందులో ఉంటారు కాబట్టి, అంతా పతనాన్ని కోరుకుంటున్నారని అనుకోకండి. నెలవారీ గడువు ముగిసే వారంలో ఈ గడిని ఖాళీగా వదిలేయడం మంచిది.

పుట్-కాల్ నిష్పత్తి గురించి అడిగేవారు ఎక్కువ. పుట్ (అమ్మే హక్కు) ఆప్షన్ల ఓపెన్ ఇంట్రెస్ట్‌ను కాల్ (కొనే హక్కు) ఆప్షన్ల ఓపెన్ ఇంట్రెస్ట్‌తో భాగిస్తే వచ్చేదే ఇది, 0.7 కంటే తక్కువైతే నిరాశ, 1.3 దాటితే అతిధీమా అని ట్రేడర్లు చెప్పుకుంటారు. దీనితో చిక్కేమిటంటే, పుట్‌లు కొన్నవారి వైపు నుంచి చూస్తే అధిక నిష్పత్తి భయం, అమ్మినవారి వైపు నుంచి చూస్తే అదే ధైర్యం. ఒకే అంకెకు రెండు వ్యతిరేక అర్థాలు వస్తున్నప్పుడు దాని మీద ఆధారపడి నిర్ణయం తీసుకోలేం. కావాలంటే వారపు గడువుది కాకుండా నెల గడువు ఆప్షన్ల నిష్పత్తిని రాసి ఉంచుకోండి, మిగిలిన గడులు ఒక మాట మీద ఉన్నప్పుడు మాత్రమే దాన్ని అడగండి.

*హెచ్చరిక:* ఈ ఫైళ్లు చదవడం అలవాటయ్యాక ఆప్షన్లలో దిగాలనిపిస్తుంది. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్లలో పాల్గొన్న వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని, ఆ నష్టం మొత్తం 1.8 లక్షల కోట్లు దాటిందని సెబీ 2024 సెప్టెంబరులో వెల్లడించింది. ఈ పట్టిక షేర్లు, ఫండ్లు ఉన్నవారి కోసం.

6. మీ షేర్ల దగ్గర ఒక చిన్న పరీక్ష

సూచీ మీద అభిప్రాయం ఏర్పడ్డాక మీ దగ్గరున్న నాలుగైదు షేర్లకు డెలివరీ శాతం చూడండి. అంటే ఆ రోజు చేతులు మారిన షేర్లలో ఎన్ని నిజంగా డీమ్యాట్ ఖాతాలకు వెళ్లాయన్నది. ఏ షేరుకు ఆ షేరు 20 రోజుల సగటుతోనే పోల్చాలి. ఒక బ్యాంకు డెలివరీని ఒక ఆటో కంపెనీ డెలివరీతో పోలిస్తే ఏమీ తేలదు. ధర తగ్గుతూ డెలివరీ శాతం సగటు కంటే బాగా పెరిగితే దీర్ఘకాలం ఉంచుకున్నవారే అమ్ముతున్నారేమోనని అనుమానించాలి. ధర పెరుగుతూ డెలివరీ పలచబడితే ఆ పెరుగుదలలో అదే రోజు కొని అమ్మేసే ఇంట్రాడే వాళ్ల పాలు ఎక్కువ.

ఫలితాల సీజనులో దీనికంటే మంచి పరీక్ష మరొకటుంది. లాభం అంచనాలకు మించి వచ్చిన మర్నాడు షేరు పడిందా, పేలవమైన ఫలితాలకు కూడా నిలబడిందా అన్నది రాసుకోండి. మంచి వార్తలకు పడే షేర్లు ఒకే సీజనులో వరుసగా కనిపిస్తే ఆశలన్నీ అప్పటికే ధరల్లోకి ఎక్కేశాయని అర్థం. దీనికి ఫార్ములా ఏదీ లేదు, ఓపిగ్గా రాసుకోవడమే.

7. గడులు నింపి, ఒక్క వాక్యం రాయండి

ఒక్కో గడికీ ఆశ, మామూలు, భయం అన్న మూడింటిలో ఒకటి రాయండి. మార్కులు వేసి కూడటం నాకు ఇష్టం ఉండదు, ఎందుకంటే విక్స్ ఇచ్చే ఒక మార్కు, 200 రోజుల లెక్క ఇచ్చే ఒక మార్కు సమానం కావు. కూడికకు బదులు ఇలాంటి ఒక వాక్యం రాయండి: “నిఫ్టీ నెలలో 2 శాతం పెరిగింది, ఈక్వల్ వెయిట్ సూచీ తగ్గింది, 200 రోజుల సగటుకు పైన ఉన్నవి 31 నుంచి 26కు తగ్గాయి, విక్స్ 12 దగ్గర నిశ్చింతగా ఉంది, పైకి ప్రశాంతం, లోపల బలహీనం.” అంకెలు నావి, ఊహించినవి, వాక్యం నిర్మాణం మాత్రం గమనించండి. సూచీ ఏం చెప్పింది, షేర్లు ఏం చెప్పాయి, భయం ఎంత, అవి ఒకదానితో ఒకటి పొసిగాయా లేదా అన్నది అందులో ఉంది.

చాలా వారాలు ఆ వాక్యం “ప్రత్యేకంగా ఏమీ లేదు” అని ముగుస్తుంది. అలా ముగియడమే సహజం. ప్రతి వారం ఏదో ఒక సంకేతం కనిపిస్తోందంటే హద్దులు మరీ దగ్గరగా పెట్టుకున్నారని అర్థం.

తరచూ జరిగే పొరపాట్లు

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది, ముందే తీసుకున్న నిర్ణయానికి సాక్ష్యం వెతకడం. షేరు అమ్మాలని మనసులో ఉన్నప్పుడు విదేశీ అమ్మకాల అంకె కళ్లకు కనిపిస్తుంది, 200 రోజుల లెక్క కనిపించదు. అందుకే గడులన్నీ నింపాక గాని వాక్యం రాయకూడదు. ఒక గడి నింపి మిగిలినవి “తర్వాత చూద్దాం” అనుకుంటే ఆ వారం పట్టిక చెల్లదు.

గిఫ్ట్ నిఫ్టీని (గుజరాత్‌లోని గిఫ్ట్ సిటీలో ట్రేడయ్యే నిఫ్టీ ఫ్యూచర్స్‌ను) సెంటిమెంట్‌గా చదవడం మరో పొరపాటు. మన మార్కెట్ 9:15కు ఎక్కడ తెరుచుకోవచ్చో అది చెబుతుంది, అంతవరకే. మధ్యాహ్నానికల్లా దాని పని అయిపోతుంది.

నిఫ్టీ పీఈని (ధరను లాభంతో భాగిస్తే వచ్చే నిష్పత్తిని) పాత అంకెలతో పోల్చేవారు ఒక తేదీ గుర్తుంచుకోవాలి. 2021 మార్చి నెలాఖరు వరకు ఎన్‌ఎస్‌ఈ కంపెనీల విడి లాభాలతో పీఈ లెక్కించేది. అప్పటి నుంచి అనుబంధ సంస్థలను కలుపుకున్న లాభాలతో లెక్కిస్తోంది. ఆ మార్పుతో పీఈ ఒక్కసారిగా దిగినట్టు కనిపించింది. “2020 చివరిలో ఇంత ఉండేది, ఇప్పుడు ఇంతే, కనుక చవక” అనే వాదన అక్కడే కూలిపోతుంది. నా పట్టికలో పీఈకి చోటే లేదు. అది ఏళ్ల తరబడి మెల్లగా మారేది, వారం వారం చూసేది కాదు.

ఇక విక్స్ పెరిగిన రోజే భయపడి అమ్మేయడం. విక్స్ శిఖరానికి చేరేసరికి పతనం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. 2020 మార్చిలోనూ నిఫ్టీ కనిష్ఠానికి, విక్స్ గరిష్ఠానికి మధ్య దూరం రోజుల్లోనే ఉంది. అలాగని విక్స్ 30 దాటిన ప్రతిసారీ కొనమనీ కాదు, ఎందుకంటే 30 నుంచి అది 80కి కూడా వెళ్లింది.

మీ చదువు సరిగ్గా ఉందో లేదో సరిచూసుకోవడం

మొదటి పరీక్ష లెక్కకు సంబంధించినది. ప్రతి శుక్రవారం విక్స్‌ను 16తో భాగించి వచ్చిన శాతాన్ని రాయండి. తర్వాతి 20 రోజుల్లో నిఫ్టీ ముగింపు ఎన్ని రోజులు ఆ శాతం లోపల కదిలిందో లెక్కపెట్టండి. మూడింట రెండు వంతులు, అంటే 13–14 రోజులు గాని అంతకంటే ఎక్కువ గాని లోపల ఉండాలి. పది కంటే తక్కువ వస్తే ఆ నెలలో మార్కెట్ ఊహించినదానికంటే ఎక్కువ కదిలింది, లేదంటే మీ ఫార్ములాలో తప్పుంది. ముందు ఫార్ములా చూసుకోండి.

రెండో పరీక్ష మీ వాక్యాలకు. ప్రతి వాక్యం పక్కన నాలుగు వారాల తర్వాత నిఫ్టీ, ఈక్వల్ వెయిట్ సూచీ ఎక్కడ ఉన్నాయో రాయండి. “భయం” అని రాసిన వారాల తర్వాత పదిలో ఏడుసార్లు నిఫ్టీ పెరిగిందనుకోండి, వెంటనే పొంగిపోకండి. మామూలు వారాల తర్వాత ఎన్నిసార్లు పెరిగిందో కూడా లెక్కపెట్టండి. అక్కడా పదిలో ఆరుంటే మీ సంకేతం చెప్పింది చాలా తక్కువ. ఈ పోలిక చేయకుండా “నా సూచిక పనిచేసింది” అనుకోవడం వల్లే చాలామంది తప్పు సూచికను ఏళ్ల తరబడి మోస్తుంటారు. ఏడాది గడిచాక ఏ గడి వల్ల మీ అభిప్రాయం ఒక్కసారి కూడా మారలేదో చూసి, దాన్ని తీసేయండి.

మూడోది పట్టికకే. ఆప్షన్ల గడువు రోజు మారినా, నిఫ్టీ జాబితాలోకి కొత్త కంపెనీ వచ్చినా, ఏదైనా అంకెను లెక్కించే పద్ధతిని ఎక్స్ఛేంజీ మార్చినా ఆ తేదీ దగ్గర అడ్డంగా ఒక రంగు గీత పెట్టి, పక్కన కారణం రాయండి. ఆ మార్పు తగిలిన గడికి మాత్రం గీతకు పైనున్న సగటులను, హద్దులను గీత కింది వారాలకు వాడకండి. కొత్తగా కనీసం మూడు నెలల అంకెలు పోగయ్యేదాకా “మామూలు” అని రాస్తూ పోవచ్చు.